పారిపోవచ్చు కదా!

మా ఆసుపత్రిలో ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. వ్యభిచార గృహం నుంచి పోలీసులు తీసుకొచ్చిన పిల్ల బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంటుంది. కేస్ షీటు రాసే కుర్ర డాక్టరు, రక్తం తీసే సిస్టరు, తోడొచ్చిన కానిస్టేబులు, అందరూ అదే అడుగుతారు: "అంత కష్టంగా ఉంటే పారిపోవచ్చు కదా?"

ఒకమ్మాయి నేను పేరైనా అడక్కముందే "పద్దెనిమిది నిండాయి మేడం" అంది. మణికట్టు ఎక్స్‌రేలో ఎముకలింకా అతుక్కోలేదు. అలా చెప్పమన్నదెవరమ్మా అంటే, "అత్త". ఆ పిల్లను కొనుక్కున్నది ఆ అత్తే. కొట్టిందీ, జ్వరమొస్తే గంజి కాచి పోసిందీ ఆవిడే. "అత్తనేం చెయ్యొద్దని చెప్పండి మేడం" అని నా చెయ్యి పట్టుకుంది. సిస్టరు మొహం చిట్లించింది. ఎందుకు తల్లీ ఆ చిట్లింపు? కొట్టే చేతిలోనే అన్నం ముద్ద కూడా ఉంటే, బతకాలనుకునే పిల్ల ఆ చేతినే పట్టుకుంటుంది. దాన్ని ఇష్టం అనకండి.

పెద్దవాళ్ల సంగతీ అంతే. కదిరి వైపు నుంచి పనిప్పిస్తామని పుణె తీసుకెళ్లి అమ్మేసిన ఒకావిడ ఎలాగో ఇల్లు చేరింది. అన్న గడప తొక్కనివ్వలేదు. మళ్లీ పుణె రైలెక్కింది. ఆవిడ పారిపోయే వచ్చింది మరి!

వైద్యం పెద్ద కష్టం కాదు. 72 గంటల్లోపు వస్తే హెచ్ఐవీ సోకకుండా 28 రోజుల మందులు, గర్భం రాకుండా మాత్ర, సిఫిలిస్ ఉంటే పెన్సిలిన్. నిద్ర పట్టకపోవడం, తాగుడు, ముట్టుకుంటే ఉలిక్కిపడటం, వీటికే నెలలూ ఏళ్లూ పడుతుంది. లైంగికానుభవం ఉందో లేదో చూసే రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మరింత గట్టిగా చెప్పింది. అయినా "అలవాటుపడ్డ మనిషి" అని గొణిగే నోళ్లు మూతపడలేదు.

2018లో యాదగిరిగుట్టలో పోలీసులు వ్యభిచార గృహాల నుంచి చిన్నపిల్లల్ని విడిపించారు. త్వరగా ఎదగాలని వాళ్లకు హార్మోను ఇంజెక్షన్లు ఇప్పించారని, ఇచ్చింది ఓ డాక్టరని పోలీసులు చెప్పినప్పుడు నాకు అన్నం సయించలేదు.

తోటి డాక్టర్లకు నా మనవి. "పారిపోవచ్చు కదా" అనే ఆ ప్రశ్న మానేయండి. అన్నం తిన్నావా అని అడగండి, తలుపు మూసి ఒంటరిగా మాట్లాడనివ్వండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల అని అనుమానమొస్తే పోలీసులకు చెప్పండి, పిల్లల సహాయ నంబరు 1098కీ చెప్పండి. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం.