ఆల్బంలో కనబడని తమ్ముడు



మా ఇంట్లో బైబిలు తరువాత మిక్కిలి జాగ్రత్తగా దాచబడే పుస్తకం ఒకటున్నది. అది నల్ల అట్టల లావుపాటి ఆల్బం. మా వివాహమైన 2006వ సంవత్సరం నుండి మా ఇంటావిడ దానిలో ఫోటోలే గాక శుభలేఖల ముక్కలు, పిల్లల బాప్తిస్మపు కార్డులు, కోత పండుగ కరపత్రాలు, బస్సు టిక్కెట్లు కూడా అతికిస్తూ వచ్చింది. దీన్ని స్క్రాప్ బుక్ అంటారని మా అమ్మాయి చెప్పింది. అమెరికా రచయిత మార్క్ ట్వేయిన్ 1873లోనే, ముందుగా జిగురు పూసి పెట్టిన స్క్రాప్ బుక్కుకు పేటెంటు పొందాడట. మా ఇంట్లో మాత్రం మైదాపిండి జిగురే. అందుచేత బొద్దింకలకు కూడా ఆ పుస్తకమంటే ప్రీతి.

మొదట్లో మేము ఈ పనిని అంతగా మెచ్చలేదు. ఒకనాడు, "ఈ కాగితాలకు, స్టూడియోకు ఇచ్చే డబ్బుతో పిల్లలకు పుస్తకాలు వస్తాయి" అన్నాం. ఆమె కోపపడలేదు. ఆల్బం మొదటి పుట తెరిచి మా ముందు పెట్టింది.

ఆ పుటలో మా నాయన ఉన్నారు. ఆయన 1994లో ప్రభువునందు నిద్రించారు. పేదరికం వలన ఆయనకు ప్రత్యేకంగా ఫోటో అంటూ ఎన్నడూ తీయించలేదు. మెదక్ దేవాలయం మెట్ల మీద సంఘస్థులందరూ నిలబడిన చిత్రంలో, వెనుక వరుసలో, బొటనవేలి గోరంత ముఖం, అంతే. పోస్నెట్ దొరగారు కరవు కాలంలో ప్రజలకు పనీ తిండీ దొరకాలని కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన ఆ మందిరం మా వైపు విశ్వాసులకు పుట్టిల్లు వంటిది. అక్కడికి వెళ్లినప్పుడు ఎవరో తీసిన ఆ చిత్రమే లేకుంటే మా పిల్లలకు తాతగారి ముఖమే తెలియదు.

"మామయ్యను చూపించడానికి మనకు ఇదొక్కటే ఉంది. మన పిల్లలకు ఇట్లా కావద్దు" అన్నది ఆమె. యొర్దాను దాటిన తరువాత ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లు నిలిపిన సంగతి యెహోషువ 4వ అధ్యాయంలో ఉన్నది. పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి ఏదో ఒక గుర్తు ఉండాలి. దాని మీద ఎన్నో ప్రసంగాలు చేసిన మాకు ఇంట్లో ఆ సంగతి తోచలేదు. ఆ దినం నుండి మేమే జిగురు కాచి ఇస్తున్నాం.

అయితే చిక్కు ఆల్బంతో రాలేదు, ఆల్బంలోకి ఎక్కవలసిన కూడికతో వచ్చింది.

క్రిస్మస్ మరునాడు మా కుటుంబాలన్నీ కలుసుకోవడం నాయన కాలం నుండి ఉన్న అలవాటు. అప్పట్లో అది ఒక కుండెడు పప్పు, జొన్నరొట్టెలు, రెండు కీర్తనలు, ఒక ప్రార్థన. మేము నలుగురం తోబుట్టువులం, చిన్నాయన పిల్లల రెండిళ్లతో ఆరిళ్లు. అందరికీ ఉద్యోగాలో వ్యాపారాలో వచ్చాక కూడిక కూడా పెరిగింది. జహీరాబాదులో టెంటు, కుర్చీలు, బిర్యాని వంట మాస్టారు, ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీరలు, అందరి ముఖాలూ వేసిన ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫరు. 2022లో లెక్కవేస్తే ఇంటికి అయిదు వేల రూపాయలు వాటా పడింది. ఆ వాటా నిర్ణయించింది ఎవరో కాదు, పెద్ద కుమారుడనని మేమే.

మా చిన్న తమ్ముడు ఊళ్లోనే ఉండి సేద్యం చేస్తాడు. మా జహీరాబాదు ఎర్రనేలల్లో అల్లం మంచి పంటే, కాని విత్తనపు దుంపకే ఎంతో పెట్టుబడి పెట్టాలి. నీరు నిలిచిందా, దుంపకుళ్లు తెగులు వస్తుంది. ఆ యేడు వానలకు అతని మడి సగం కుళ్లిపోయింది. ఈ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా, వాటా విషయంలో అతడు ఏమంటాడోనని ఒక్కసారి ఆగి అడగలేదు. డిసెంబరు 26 ఉదయం ఫోను చేసి, "పిల్లకు జ్వరమన్నా, మేం రాలేం" అన్నాడు. మేము ఫోనులోనే ప్రార్థన చేసి పెట్టేశాం. టెంటువాళ్లతో తొందరలో ఉన్నాం మరి.

ఫ్లెక్సీ మీద అతని ముఖం ఉంది. కుర్చీలో లేడు.

జనవరిలో మా ఇంటావిడ ఆ ఫోటోలు అతికిస్తుండగా అమ్మ పక్కన వచ్చి కూర్చున్నది. అమ్మకు చదువు రాదు. ఏ ఫోటో చూసినా వేలు పెట్టి తలలు లెక్కపెడుతుంది. ఆ పెద్ద గ్రూపు ఫోటో మీద వేలు ఒకసారి నడిచింది, మళ్లీ నడిచింది.

"పెద్దోడా, చిన్నోడు ఏడిరా?"

"పిల్లకు జ్వరమని రాలేదు కదమ్మా."

"జరం లేదు, గిరం లేదు. పైసలు లేక రాలే. ఆ దినమంతా శెనుల కూసున్నడు. నాకు జెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

ఆ యేడు క్రిస్మసుకు ముందు ఆదివారం మేము లూకా 14వ అధ్యాయం మీదనే వాక్యం చెప్పి ఉన్నాం. విందు చేసినప్పుడు తిరిగి పిలువలేని వారిని పిలువవలెనని ప్రభువు సెలవిచ్చిన మాట. బాగా చెప్పారని సంఘస్థులు మెచ్చుకున్నారు కూడా. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు బండి మీద ఇద్దరమూ ఊరికి వెళ్లాం. తమ్ముడు మమ్మును చూసి నవ్వాడు, ఆ నవ్వే మాకు ఎక్కువ బాధ కలిగించింది. "అన్నా, అందరు వాటా వెట్టినంక నేనొక్కన్ని వట్టిచేతులతో వచ్చి ఎట్ల తినాలె? పిల్లలడుగుతరు గద" అన్నాడు. మరదలు ఏమీ అనకుండా పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు చేసింది. వాటా మేమే ఇచ్చేవారం కదా అని నోటి వరకు వచ్చింది. అనకపోవడమే మేలైంది. ఇస్తే అతడు పుచ్చుకునేవాడు కాదు. మేము చేసింది తప్పని మాత్రం ఒప్పుకున్నాం. తమ్ముని ముందు తప్పు ఒప్పుకోవడం ప్రసంగ వేదిక మీద ఒప్పుకోవడం వంటిది కాదు.

2023 కూడిక అతని చేనులో, చింతచెట్టు క్రింద పెట్టాలని మేమే అన్నాం. వాటా లేదు, ఎవరి ఇంట ఉన్నది వారు తేవాలి. ఇది వినగానే చెల్లెలు ముఖం ముడుచుకున్నది. "పిల్లలకు బిర్యాని కూడ లేకుంటే ఏం క్రిస్మస్ అన్నా?" ఆమె మాటలోనూ న్యాయం ఉన్నది. నిరాడంబర జీవితం కావాలని మాకు చాలాకాలంగా ఆశే, కాని ఆ ఆశను మాట్లాడేది మేము, గిన్నెలు తోమేది ఆడవాళ్లు. చేనులో కుళాయి ఉండదు గదా. అందుకని ఆ దినం నీళ్లు మోయడం, గిన్నెలు కడగడం మగవాళ్ల వంతు అయింది. రెండో తమ్ముడు ఇప్పటికీ దెప్పుతాడు.

ఆ యేడాదినే ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మా అమ్మకు అందులో వింత ఏమీ లేదు. 1983లో పస్తాపూరులో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో మా వైపు పల్లెల స్త్రీలు ఎందరో పాత పంటల విత్తనాలను బుట్టల్లో కాపాడుకుంటూ వచ్చారు. యేటేటా ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా ఊరేగించే పాత పంటల జాతరను మన చదువరులు కొందరు చూసే ఉంటారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమానం వచ్చింది. మా అమ్మ కూడా ఆ సంఘపు స్త్రీయే.

చేనులో కంది కాయ మీద ఉన్నది. పచ్చి కాయలు ఉడకబెట్టి చేటలో పోస్తే, బిర్యాని అడిగిన పిల్లలే గుంపుగా చేరి ఒలుచుకున్నారు. అమ్మ తన బుట్టలోని జొన్న, సజ్జ, కొర్ర, కంది విత్తనాలు పిల్లల చేతుల్లో పోసి పేర్లు చెప్పించింది. మా ఇంటావిడకు ఆలోచన తట్టింది. నాలుగు చిన్న పొట్లాలు కట్టి ఆ యేటి పుటలో అతికించింది. పేర్లు తమ్ముని కూతురు వ్రాసింది. ఫోటో ఒక్కటే, అందులో అందరం ఉన్నాం. అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.

2024 వానకాలంలో ఆల్బం తెరిస్తే పుటల మధ్య నుండి పురుగులు పరుగెత్తాయి. పొట్లాల్లో చేరి, మా పెండ్లి ఫోటో అంచు వరకు కొరికాయి. మా ఇంటావిడ కంట నీరు పెట్టుకున్నది. అమ్మ మాత్రం పమిట అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఇత్తనం బుక్కుల దాస్తరానే బిడ్డా? బూడిది, యాపాకు గలిపి గుల్లల దాస్తరు. ఆనకు ఇత్తుతరు."

తొలిచినవి పోగా మిగిలిన గింజలు పిడికెడు కూడా లేవు. తమ్ముడు వచ్చి పట్టుకుపోయాడు. ఆ పుటలో ఇప్పుడు నాలుగు ఖాళీ పొట్లాలు, వాటి మీద పిల్ల వ్రాసిన పేర్లు ఉన్నాయి. మా ఇంటావిడ వాటిని తీసివేయలేదు.

ఈసారి కూడిక ఎక్కడా అన్న మాట మొన్ననే మళ్లీ వచ్చింది. చెల్లెలు బిర్యాని తన ఇంట వండి తెస్తానన్నది. టెంటు మాట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు మాత్రం ఫోను చేసి, "అన్నా, పోయినసారి లెక్క ఉప్పు మర్శిపోకుండ్రి. మీరే తేవాలె" అన్నాడు. మేము వ్రాసి పెట్టుకున్నాం.