ఇంగ్లీషులో నాటకానికి

ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే పుస్తకం ఏది తిరగేసినా మూడు పాఠాలు తప్పకుండా ఉంటాయి. రైల్వేస్టేషను పాఠం, డాక్టరు పాఠం, నాటకానికి వెళ్ళే పాఠం. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మా బొంరాస్‌పేటలో మనిషికి జ్వరమూ వస్తుంది, తాండూరు వెళ్ళి రైలూ ఎక్కుతాడు. చిక్కంతా ఈ మూడో పాఠంతోనే.

ఉద్యోగం చాలించి సొంత ఊరు చేరినవాడు ఊరికే కూర్చోలేడు గదా! సాయంత్రాలు మా వసారాలో పదిమంది పిల్లల్ని పోగుచేసి ఇంగ్లీషు మాట్లాడిస్తుంటాను. పిల్లలంటే చిన్నపిల్లలు కారు. డిగ్రీలు పుచ్చుకున్నవాళ్ళు. చదవమంటే చదువుతారు, రాయమంటే రాస్తారు, నోరు విప్పమంటే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. పోనీ మాటలు రాని మొద్దులా అంటే అదీ కాదు. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ పొత్తు ఇంకా పోలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, చుట్టాలింట్లో కన్నడం గడగడా మాట్లాడేవాళ్ళు మా వసారాలోనే ముగ్గురున్నారు. ఆ భాషలకు ఏ పాఠమూ చదివిన పాపాన పోలేదు!

సరే, నాటకం పాఠం తీశాను. అందులో ఒక దొర, ఒక దొరసాని. స్టాల్స్‌లో కూర్చుందామా, డ్రెస్ సర్కిల్‌లోనా అంటాడు దొర. ముందు కోటు క్లోక్‌రూములో ఇచ్చి వస్తానంటుంది దొరసాని.

“సార్, స్టాలంటే చాయ్ దుకాణం గద! అండ్ల గూసోని నాటకం ఎట్ల జూస్తరు?” అన్నాడొకడు.

“క్లోక్‌రూమ్ సికింద్రాబాద్ స్టేషన్ల ఉంటది” అన్నాడు ఇంకొకడు, అనుభవం మీద.

వాళ్ళన్నదీ నిజమే. కాని నాటకశాలలో స్టాల్స్ అంటే రంగం ఎదుట కింది వరసలు. డ్రెస్ సర్కిల్ మొదటి మేడ. ఒకప్పుడు అక్కడ కూర్చునేవారు దర్జా దుస్తులు వేసుకు రావలసిందే, అందుకని ఆ పేరు. అన్నిటికంటె పై అంతస్తును లండను వాళ్ళు ‘గాడ్స్’ అంటారు. కప్పుకు దగ్గర, దేవుళ్ళకు దగ్గర, వెల మాత్రం చవక. మనకు బీదవాడి చోటు నేల, వాళ్ళకు స్వర్గం అన్నమాట. పూర్వం వాళ్ళకూ నేలే ఉండేది లెండి. 1599లో కట్టిన గ్లోబు నాటకశాలలో ఒక్క పెన్నీ ఇచ్చి, మట్టి మీద నిలబడి షేక్స్‌పియరు నాటకం చూసేవారు. ఇది చెప్పగానే, “అంటే నేల టికెట్!” అని మావాళ్ళ మొహాలు విప్పారాయి. షేక్స్‌పియరు మీద అంత చనువు వాళ్ళకు కాలేజీలో కూడా కలిగి ఉండదు.

ఇంకో తమాషా చెప్పాను. పద్యనాటకాల్లో పాండవోద్యోగ విజయాల రాయబారం సీను రాగానే మన జనం “వన్స్‌మోర్” అని కేకలేసేవారు. నటుడు ఎత్తిన పద్యమే మళ్ళీ ఎత్తేవాడు. చచ్చిపడ్డ వేషగాడు లేచి, పద్యం పాడి, తిరిగి చచ్చేవాడని కూడా చెప్పుకుంటారు. ఆ కేక అచ్చంగా ఇంగ్లీషే. కాని ఇంగ్లీషువాడు అలా అరవడు. “ఆంకోర్” అంటాడు, అది ఫ్రెంచి మాట. ఫ్రెంచివాడు అదీ అనడు. “బిస్” అంటాడు, అది లాటిను. మళ్ళీ పాడమనడానికి ఎవరికీ సొంత భాష చాలలేదు కాబోలు! ఆ వన్స్‌మోర్‌ను నేలమీద కూర్చున్న మనవాళ్ళు ఏ వ్యాకరణమూ లేకుండా తమదిగా చేసుకున్నారు.

ఇంగ్లీషు మాట్లాడటం గురించి తెలుగు నాటకం చెప్పినంత ఘాటుగా ఏ పుస్తకమూ చెప్పలేదని నా అభిప్రాయం. గురజాడవారి కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో. ఇప్పుడు మనం చదివే రూపం 1909 నాటిది. అందులో తల్లి వెంకమ్మ, కొడుకూ గిరీశమూ ఇంగ్లీషు మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ చంటిపిల్లల పాట ముక్క ఒకటి, వాచకంలో వాక్యం ఒకటి, క్షేత్రగణితం ఒకటి ఒకరిమీదొకరు విసురుకుంటారు. ఆ తల్లి అదే సంభాషణ అనుకుని పొంగిపోతుంది. మనం నవ్వుతాం. నవ్వి, సాయంత్రం మా వసారాకు వచ్చి స్టాల్సా, డ్రెస్ సర్కిలా అని వల్లిస్తాం.

అందుకని ఆ రోజు పుస్తకం మూసి, “మీరు చూసిన ఆట ఏదైనా ఇంగ్లీషులో చెప్పండి” అన్నాను. నలుగురు సినిమాలు చెప్పారు. సినిమా కథ అందరికీ తెలిసిందే కాబట్టి సగంలోనే ఆపేశారు. చివర ఒక అమ్మాయి లేచింది. హైదరాబాదులో ఒక హోటలు రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ దగ్గరపడింది ఆమెకు. తండ్రి పరుపుబండ గనిలో నడుము పోగొట్టుకుని మంచాన ఉన్నాడు. ఉద్యోగం రాకపోతే పెళ్ళి చేసి పంపించేస్తామని ఇంట్లో గడువు పెట్టారు. మూడు నెలలుగా ఆమె నోట “ఎస్ సార్” తప్ప ఇంకొకటి విని ఎరగను.

“మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ ఎ క్వీన్” అంది.

వసారా గొల్లుమంది. ఆ పిల్ల కూర్చోలేదు. వాళ్ళ తాత బాగోతాల్లో ఆడవేషం కట్టేవాడట. హరిశ్చంద్రలో చంద్రమతి. రాత్రి పదింటికి మొదలు, తెల్లవారి కోళ్ళు కూసేదాకా. టిక్కెట్టు లేదు, ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. కొడుకును పాము కరిచింది, రాణి శవాన్ని కాటికి తెచ్చింది, కాపలావాడు సుంకం అడిగాడు, ఆమె దగ్గర పైసా లేదు. “దట్ మ్యాన్ ఈజ్ హర్ హజ్బెండ్. బట్ డార్క్.” తాళి దగ్గర తట్టుకుంది. నెక్లెస్ అని, తల అడ్డంగా ఊపి, తాళినే ఉంచేసింది. “ఓన్లీ హజ్బెండ్ కెన్ సీ దట్ తాళి. సో హీ నోస్.” నవ్వినవాళ్ళెవరూ అప్పుడు నవ్వడంలేదు. క్రియలు ఎన్ని తప్పాయో నేను లెక్కపెట్టలేదు, దిద్దనూ లేదు. ముందు మనిషికి చెప్పవలసింది ఉండాలి. క్రియలు తర్వాత వచ్చి చేరతాయి.

ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు మీరు. ఆ హోటల్లో రాలేదు. పదిరోజుల తర్వాత మరో చోట, “మీ గురించి చెప్పండి” అంటే తాత దగ్గరే మొదలుపెట్టిందట. అక్కడ తీసుకున్నారు. జీతం గొప్పదేమీ కాదు.

పరిగి బస్సెక్కే ముందు రోజు సాయంత్రం ఆమె వెంట తాత కూడా వచ్చాడు. చేతికర్ర, తలగుడ్డ, ఎనభై దాటి ఉంటాయి. గోడవార కూర్చుని, “నా ముచ్చట ఇంగ్లీషుల చెప్పిందంట గద సారూ. నాకు గుడ చెప్పుమను, ఇంట” అన్నాడు.

ఆమె చెప్పింది. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ భాషలో ఆయనకు తెలిసినవి రెండే మాటలు, చంద్రమతి, లోహితాస్యుడు. వాటిని పట్టుకుని కథ ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకున్నాడు కాబోలు, కాటిసీను రాగానే సన్నని గొంతుతో పద్యం అందుకున్నాడు. మనవరాలు ఆగిపోయింది. పద్యం ముగియగానే వెనకనుంచి ఒక కుర్రాడు “వన్స్‌మోర్!” అన్నాడు. ముసలాయన నోరు తెరిచాడు గాని ఊపిరి అందలేదు. మంచినీళ్ళడిగి తాగాడు.

“అవు బిడ్డా, కాటిసుంకాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?”

“టాక్స్, తాతా.”

“గంతేనా?” అన్నాడాయన.