మెరవని బంగారం

ద్రావణంలోంచి అప్పుడే విడిపడిన బంగారం బంగారంలా ఉండదు. బీకరు అడుగున కాఫీ మడ్డిలా, గోధుమరంగు పొడిగా పేరుకుంటుంది. కరిగించి ముద్ద చేశాకే పసుపు తేలుతుంది. ఏళ్ల తరబడి కెమిస్ట్రీ పాఠం చెప్పినా, కళ్లారా చూసేదాకా ఆ సంగతి నాకు ఒంటబట్టలేదు. ల్యాబు అటెండరైతే బీకరు కడిగేయబోయాడు!

పాత కంప్యూటర్ ర్యామ్ అంచున మెరిసే పూతతో పిల్లలకి ప్రయోగం చూపిద్దామని మొదలుపెట్టిన పని అది. సరుకిచ్చిన పాత సామాన్ల కొట్టాయన ముందే చెప్పాడు: "మెరిసేది పైపూతే మాస్టారూ. ఆ నల్లవి కూడా పట్టుకెళ్లండి."

నిజమే. ఆ పూత చాలావాటిలో మైక్రాన్ మందమైనా ఉండదు. కింద నికెల్, దాని కింద రాగి. పాత నల్ల ఐసీ చిప్పు పగలగొడితే మాత్రం లోపల వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగలుంటాయి. (కొత్త చిప్పుల్లో చాలావాటికి రాగి తీగలే.) కెపాసిటర్ల కథ ఇంకా చిత్రం. పాత సిరామిక్ రకాల్లో పొరల మధ్య పల్లేడియం ఉండేది. 1990ల్లో దాని ధర మండిపోవడంతో కంపెనీలు నికెల్‌కి మళ్లాయి. పైకి రెండూ ఒకటే. కొట్టాయన అయస్కాంతం పెట్టి చూసి, అంటుకున్నవి పక్కన పడేస్తాడు. పల్లేడియం రకాల్లోనూ చివర్ల పూతలో నికెల్ ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్షనీ పూర్తిగా నమ్మలేం.

బంగారాన్ని చూస్తే గుర్తుపడతామన్న ధీమా అలా పోయింది. ద్రావణంలో అది ఉందో లేదో చెప్పేది స్టానస్ క్లోరైడ్ చుక్క. ఊదారంగు తిరిగితే ఉన్నట్టు. ద్రావణంలో బంగారం కంటికి ఆనదన్న సంగతే ఒకసారి పతకాలను కాపాడింది. 1940లో జర్మన్ సైన్యం కోపెన్‌హేగన్‌లో దిగినప్పుడు, నీల్స్ బోర్ సంస్థలో హెవెసీ అనే శాస్త్రవేత్త తోటి శాస్త్రవేత్తలు లావే, ఫ్రాంక్‌ల నోబెల్ పతకాలను ద్రవరాజం (ఆక్వా రీజియా) అనే యాసిడ్ల మిశ్రమంలో కరిగించేశాడు. ఆ సీసా అల్మరాలోనే ఉండిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. యుద్ధం ముగిశాక అందులోంచి తీసిన బంగారంతో నోబెల్ సంస్థ మళ్లీ పతకాలు చేయించి ఇచ్చింది.

మా ప్రయోగం ఫ్యూమ్ హుడ్ కింద జరిగింది. నైట్రిక్ యాసిడ్ రాగిని తాకగానే లేచే ఎర్రటి పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోయినా, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో పొట్టకూటి కోసం ఈ పనిని ఉత్త చేతులతో చేసినవాళ్లున్నారు. వాళ్లది గతిలేనితనం. వీడియో చూసి పెరట్లో బకెట్ పెట్టేవాళ్లకి ఏం పుట్టిందో అర్థం కాదు. పోనీ వచ్చేది ఎక్కువా అంటే, అదీ కాదు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు, 62 లక్షల ఫోన్లు పోగుచేస్తే వచ్చిన బంగారం 32 కిలోలు. మన పెరట్లో ఎంత వస్తుందో లెక్కేసుకోండి.

బోర్డులు విప్పండి, రకాలు ఏరండి, ఏది ఎక్కడుందో నేర్చుకోండి. యాసిడ్ పని మాత్రం రిజిస్టరైన రీసైక్లర్‌కే వదిలేయండి.