మెస్సు

ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం. మాదాపూర్ ఆఫీసులో టీమ్ లీడ్ నా కోడ్ చూసి "వాట్ ఎ మెస్!" అన్నాడు. నాకు మాత్రం ముద్దపప్పు, గోంగూర, అప్పడం కళ్ల ముందు కదిలాయి. మూడున్నరేళ్ల హాస్టల్ బతుకు మరి! మనకి మెస్సంటే అన్నమే కదా.

ఆ రాత్రి డిక్షనరీ చూస్తే, నా తప్పేం లేదని తేలింది. లాటిన్‌లో 'పంపు, పెట్టు' అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టిందీ మాట. మెసేజ్‌కీ అదే తల్లి. పాత ఫ్రెంచిలో వడ్డించిన వంటకమై, అలాగే ఇంగ్లీషులోకొచ్చింది. తర్వాత కలిసి తినేవాళ్ల బంతి అయింది. మిలిటరీ మెస్సు, మన హాస్టల్ మెస్సు అక్కణ్ణుంచే. ఆపైన అన్నీ కలగలిపేసిన కూడు, చివరికి 19వ శతాబ్దంలో గందరగోళం! అంటే అన్నం పెద్దన్నయ్య, గందరగోళం కడగొట్టు తమ్ముడు.

ఈ అన్నదమ్ములిద్దర్నీ ఒకేచోట 2020 మార్చిలో చూశాను. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఈ చుట్టుపక్కల సందులన్నీ హాస్టళ్లే అయిపోయాయి. మాది అయ్యప్ప సొసైటీలో. లాక్‌డౌన్ రాగానే ఓనర్ "సరుకుల్లేవు, మెస్ బంద్, ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఊళ్లకెళ్లే పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు. మా బెజవాడ రూమ్మేట్ పాస్ తీసుకుని బైకు మీద బయల్దేరాడు. గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు. రాత్రి రోడ్డు మీంచే ఫోన్ చేసి, నన్నే అడిగాడు: "ఏమన్నా తిన్నావురా?"

నేను లైన్లోకెళ్లేసరికి పాసులు ఆపేశారు. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం చెప్పాక ఓనర్ తగ్గాడు. ఎనభై మందిలో పద్నాలుగు మందిమి మిగిలాం. రెండు నెలలుగా మొహం చూడటం తప్ప పేరు కూడా తెలీని వాళ్లం. వంటాయన పప్పుచారు ఒక్కటే పెట్టాడు.

నా సూట్‌కేసులో ఆవకాయ సీసా ఉంది. బయటపెడితే ఒక్కపూటలో ఊడ్చేస్తారని అన్నాళ్లూ తాళం వేసి దాచుకున్నాను. ఆ రాత్రి సిగ్గేసింది. తెచ్చి మధ్యలో పెట్టాను.

"ఎక్కడిది బ్రో?"

"అమ్మ పంపింది."

అన్నాక గుర్తొచ్చింది, డిక్షనరీలో మొదటి అర్థం అదే. భోజనాలయ్యేసరికి సీసా సగమైంది. మూత పెట్టి, ఆ బల్ల మీదే వదిలేశాను.