గుమ్మి వెనక చెద్దర్లు

మా కాటారం దిక్కు పెద్దమనుషులు వయసు లెక్క చెప్పేటప్పుడు "పెద్ద గోదారి వచ్చిన ఏడు" అంటారు. అది 1986 ఆగస్టు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు చేరాయి. అంతకు పైన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం మా దగ్గరిది. ఒడ్డు మీది పల్లెల జనం మేకలను, గిన్నెలను, పసిపిల్లలను పట్టుకుని మెరక మీదికి నడిచొచ్చారు. వాళ్లలో కొందరు మా బడి వరండాలో దిగారు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మండలాలు ఏర్పడి అప్పటికి ఏడాదే. పటేల్ పట్వారీలు పోయినా, కాయితం చదివిపెట్టే మనిషి అవసరం మాత్రం ఊళ్లో పోలేదు. ఆ మనిషి మా బాపు. మనియార్డరు వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా, బొంబాయికి వలస పోయిన కొడుకు ఉత్తరం రాసినా మా సాయబాన్‌లోకి తెచ్చేవాళ్లు. బాపు గొంతు సవరించుకుని, ఒక్క మాట మింగకుండా పైకి చదివేవాడు. చదువు అంటే పదిమందికి వినపడేలా చదవడమేనని నాకు ఆ సాయబాన్‌లోనే తెలిసింది.

అందుకే దాతలు పంపిన లారీ వచ్చి ఆగినప్పుడు జాబితా రాసే పని బాపుకే అప్పజెప్పారు. బియ్యం బస్తాలు, పాత బట్టల మూటలు, నీలం అంచు చెద్దర్లు దింపారు. కొత్త చెద్దర్ల గంజి వాసన తడి గోడల వాసనలో కలిసి బడంతా నిండింది. బాపు పేరు రాస్తే, నేను సిరా దిమ్మె పట్టుకునేవాణ్ని. ముసలమ్మల బొటనవేలు పట్టి దిమ్మెకద్ది, కాయితం మీద ఆనించేది నేనే. నా వేళ్లకు కూడా నీలం అంటింది. పెద్ద పని చేస్తున్నానని ఛాతీ ఉప్పొంగింది.

రెండో రోజు మధ్యాహ్నం కాయితం మీదికి చూశాను. ఒకామె పేరు పక్కన "2" అని ఉంది. ఆమె చేతికి వచ్చింది ఒక్క చెద్దరే. ఆ కింది పేరు పక్కనా రెండే, ఇచ్చింది ఒక్కటే. వేలిముద్ర మాత్రం రెంటికీ పడింది. వేలు పట్టి పెట్టించింది నేను.

ఆ రాత్రి మా వెనక అర్రలో వడ్ల గుమ్మి చాటున నీలం అంచులు కనబడ్డాయి. లెక్కపెట్టాను. పద్నాలుగు చెద్దర్లు, మూడు బియ్యం బస్తాలు. అక్క పెండ్లి దగ్గర పడింది. మగపెండ్లివాళ్లకు పెట్టుబోతలకు ఇంట్లో పైసలు లేవని నాకు తెలుసు.

మర్నాడు చంటిపిల్లతో ఒకామె మా ఇంటి ముందుకొచ్చింది. "అయ్యా, ఇంకొక్క చెద్దరుంటె ఇయ్యుండ్రి. పోరి రాత్రంత వణుకుతాంది" అంది. బాపు "అయిపోయినయమ్మా" అన్నాడు. అంటూ నా దిక్కు చూశాడు. నేను తల దించుకున్నాను.

అవ్వతో అన్నాను: "గవి మనయి గావు గదనే?" అవ్వ పొయ్యి ఊదడం ఆపలేదు. "ఎవలతోనన్న అన్నవా బిడ్డా? మీ బాపు మాట పోతె అక్క లగ్గం ఆగుతది. మనల ఎవలు నమ్ముతరు?" అంది. పొగకో, దుఃఖానికో అవ్వ కండ్లు ఎర్రగున్నాయి.

పదిహేను పైసలు పెట్టి పోస్టు కార్డు కొన్నాను. ఎమ్మార్వో ఆఫీసుకు రాశాను. రాసి చూసుకుంటే నాకే భయమేసింది. బాపు నా చేయి పట్టుకుని దిద్దించిన అక్షరాలు అచ్చం ఆయన అక్షరాల్లాగే ఉన్నాయి. బాపు తన మీద తానే ఫిర్యాదు రాసుకున్నట్టుంది. డబ్బా దాకా పోయి తిరిగొచ్చాను. పోలీసులు బాపును తీసుకుపోతున్నట్టు ఒకసారి, ఆ పసిపిల్ల వణుకుతున్నట్టు ఒకసారి కండ్ల ముందు మెదిలేది. కార్డు లెక్కల పుస్తకంలోనే ఉండిపోయింది.

నాలుగో రోజు ఒక చెద్దరు అంగీ కింద దాచుకుని బడికి ఉరికాను. వరండా ఊడ్చి ఉంది. నీళ్లు తీశాయని తెల్లారుజామునే వాళ్లు వెళ్లిపోయారట. చెద్దరు మళ్లీ గుమ్మి వెనకే పెట్టాను.

ఇరవై ఏండ్ల తర్వాత ఉపాధి హామీ పథకం వచ్చింది. 2006లో మొదటి విడత జిల్లాల్లోనే మా అప్పటి కరీంనగర్ ఉంది. పనుల మీద సామాజిక తనిఖీ జరిపి, ప్రజావేదిక పెట్టేవాళ్లు. ఒకసారి నేనూ వెనక వరుసలో కూర్చున్నాను. ఇరవై ఏండ్లన్నా నిండని పిల్ల నిలబడి మస్టర్ రోల్ చదివింది: పేరు, పని చేసిన రోజులు, ముట్టిన పైసలు. ఒక ముసలాయన లేచి "గన్ని దినాలు నేను పోలే, గా పైసలు నాకు రాలే" అన్నాడు. అంతే. ఎవరూ ఎవరి మీదా చాటుగా కార్డు రాయలేదు. ఏ కొడుకూ తండ్రినీ ఊరినీ చెరో పక్క పెట్టి తూచుకోలేదు. లెక్క అందరికీ వినబడింది, లెక్కలో ఉన్న మనిషే జవాబు చెప్పాడు. నా గొంతు పూడుకుపోయింది.

ఇప్పుడూ మా దిక్కు రేషన్ బియ్యం గోదావరి దాటి మహారాష్ట్రలోని సిరొంచకు పోతూ పట్టుబడుతూనే ఉంటుంది. ఆ వార్త చదివినప్పుడల్లా ఆ బస్తాలు దాచిన ఇంట్లో గుమ్మి వెనక నిలబడి లెక్కపెట్టుకునే పిల్లవాడు నాకు కనబడతాడు. ఫిర్యాదు చేయాలా వద్దా అనే బరువు వాడి నెత్తిన పడేసింది పెద్దవాళ్లమే. సాయం ఎవరికి ఎంత వచ్చిందో పంచే చోటే, తీసుకునేవాళ్ల ముందే పైకి చదివితే వాడికి ఆ బరువు ఉండదు.

కార్డు వేయనందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. క్షమించుకోలేనిది వేరే ఉంది. బాపు పోయేదాకా ఆ చెద్దర్ల మాట ఆయనను ఒక్కసారి కూడా అడగలేదు. "బాపూ, ఈమెకు రెండని ఉన్నది గదా" అని ఆ మధ్యాహ్నం సిరా దిమ్మె చేతిలో ఉండగానే అంటే ఆయన ఆగేవాడేమో. ఊరందరి ఉత్తరాలూ పైకి చదివిన మనిషి ఆ ఒక్క కాయితం చదవలేదు. వేలిముద్రలు వేసినవాళ్లకు చదువు రాదు. అక్కడ దాన్ని చదవగలిగినవాళ్లం ఇద్దరమే. ఇద్దరం చదవలేదు.