తేటనీళ్ల తగువు

ఒరేయ్,

మీవాడికి సజాతీయ మిశ్రమాల పాఠం చెప్పమని నన్నడిగావు. నోరు తెరిస్తే దారి తప్పుతానని తెలిసీ అడిగావంటే తప్పు నీదే, చివరిదాకా చదువు.

పులిచింతల గేట్లెత్తారు. మన రేవులో కృష్ణ బురదబురదగా పారుతోంది. బిందెడు తెచ్చి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున ఒండ్రు. కుండలో చిల్లగింజ అరగదీస్తే ఇంకా తొందరగా తేరుతుంది. తనంతట తానే విడిపోయేది సజాతీయం ఎలా అవుతుంది? ఇంతవరకు మీవాడికీ తెలుసులే.

చిక్కంతా తేటనీళ్లతోనే. మా బోరు నీళ్లు ఎంత వడగట్టినా గుడ్డలో ఏమీ మిగలదు, చిల్లగింజకూ లొంగవు. మరి టీ గిన్నెకు ఆ తెల్లటి పొర ఎక్కడిది? (నా టీ పిచ్చి సంగతి ఇప్పుడెత్తకు.) మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకున్న వాననీరు ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. కాచేసరికి ఆ కరిగింది మళ్లీ గట్టిపడి గిన్నెకు పడుతుంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచింది ఆ రాయిని నమ్ముకునే కదా!

ఇందాక చెప్పినట్టు, చిక్కు తేటనీళ్లతోనే. అవి ద్రావణమో, ఒక్కటే పదార్థమో కంటికి తెలియదు. గాజుపలక మీద బోరు నీటిచుక్క ఎండితే మచ్చ పడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్క ఎండితే పడదు. నీళ్లలో స్పిరిట్ కలిపితే రెండూ ఎగిరిపోతాయి కదా అంటావు, నిన్నెరగనా? అక్కడ థర్మామీటర్ పెట్టు. శుద్ధమైన నీరు మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత ఒక్కచోటే నిలుస్తుంది, ఆ మిశ్రమానికి పెరుగుతూ పోతుంది.

పాలో మరి, ఎక్కడ ముంచినా ఒకటేగా, సజాతీయం కావా? కావు. చీకటి గదిలో గ్లాసు నీళ్లలో రెండు చుక్కల పాలు వేసి, పక్కనుంచి టార్చి కొట్టమను. వెలుగు దారి తెల్లగా కనిపిస్తుంది. ఉప్పునీళ్లలో కనిపించదు. పాలలోని కొవ్వు, మాంసకృత్తుల రేణువులు వెలుగును చెదరగొడతాయి. ఉప్పు అంతకన్నా చాలా చిన్న ముక్కలుగా విడిపోయి ఉంటుంది. పాలలాంటి వాటికి కొల్లాయిడ్లని 1861లో పేరు పెట్టినవాడు థామస్ గ్రాహం. ప్యాకెట్ మీద 'హోమోజినైజ్డ్' అని ఉందిగా అని మీవాడు ఎదురు తిరుగుతాడు, నీ కొడుకేగా! కొవ్వు బొట్లను ఇంకా చిన్నగా చితక్కొట్టారు, మీగడ తేలకుండా. కరిగించలేదు.

ఇక మీ ఇంట్లో ఆ పాత ఇత్తడి చెంబుంది చూడు, రాగిలో తుత్తునాగం కరిగిన ద్రావణమే అది. అక్కడ నా గుడ్డ, గింజ, టార్చి ఒక్కటీ పనికిరాదు. ఎలా కనిపెడతాడో మీవాణ్ణే అడుగు, చెంబును మాత్రం వాడి చేతికివ్వకు.