ఏనుగు మల్లమ్మ కొండ మీద ఒక రోజు

మన గుంతకల్లులో పుట్టి పెరిగిన పిల్లలను స్టేషనునుండి ఎన్ని వైపులకు రైళ్ళు పోతాయని అడిగితే వెంటనే చెబుతారు. అడవి ఎలా ఉంటుందని అడిగితే మాత్రము పాఠ్యపుస్తకములోని బొమ్మను గుర్తు చేసుకుంటారు. ఇందులో వారి తప్పేమీ లేదు. నైరుతి మేఘాలలోని వర్షమును పడమటి కనుమలే చాలావరకు త్రాగివేస్తాయి. ఈశాన్యపు వానలు తూర్పు తీరమునుండి మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. అందుచేత అనంతపురము ప్రాంతములో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే పడుతుంది. దేశములో తక్కువ వాన పడే ప్రాంతాలలో మనది ఒకటని పెద్దలు చెబుతూ వచ్చారు.

అడవి చూడాలంటే ఊటీకో కొడైకెనాలుకో పోవాలని మనలో చాలామంది అనుకుంటారు. అంత దూరము పోనక్కరలేదు. మన రాయలసీమలోనే, ఒకప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపున హార్స్‌లీ కొండలున్నాయి. కిందటి యేడు జనవరిలో, బుడ్డల పని ముగిసి, పిల్లలకు సెలవులు దొరికిన సమయములో మా సంఘములోని నాలుగు కుటుంబాలవారము ఒక వ్యాను మాట్లాడుకొని అక్కడికి వెళ్ళాము. జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, చింతపండు పులిహోర కట్టుకున్నాము. రాత్రి మదనపల్లెలో తెలిసిన విశ్వాసుల ఇళ్ళలో పడుకున్నాము. కనుక ఖర్చు ఎవరికీ భారము కాలేదు.

గుత్తి, అనంతపురము, కదిరి, ములకలచెరువు మీదుగా మా ప్రయాణము సాగింది. రైలులో పోదలచినవారికి ధర్మవరము నుండి పాకాల మార్గమున్నది. ఒకప్పుడు మీటర్ గేజి, ఇప్పుడు బ్రాడ్ గేజి. అయితే మదనపల్లె రోడ్డు స్టేషను ఊరిలో ఉండదు, సి.టి.ఎం. దగ్గర ఉంటుంది. దిగిన తరువాత బస్సో ఆటోనో చూచుకోవాలి. కదిరి ప్రాంతములోనే తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. 1989లో గిన్నిస్ పుస్తకములోనికెక్కిన ఈ మర్రి ఊడలు దించుకుంటూ నాలుగైదు ఎకరాల మేర పరచుకున్నది. ఎండిన నేల మీద కూడా ఒక చెట్టు ఎంతవరకు విస్తరించగలదో చూడాలంటే దారి కొంచెము మళ్ళించుకోవచ్చు.

మదనపల్లె మన క్రైస్తవ కుటుంబాలకు కొత్త పేరు కాదు. ఆర్కాటు మిషను వైద్య మిషనరీ జేకబ్ ఛాంబర్లేన్ గారు 1863లో అక్కడ పని మొదలుపెట్టి, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకొని, 1908లో అక్కడే కన్నుమూశారు. ఊరి దాపుననే ఆరోగ్యవరము ఉన్నది. క్షయకు మందులు లేని కాలములో విశ్రాంతి, మంచి ఆహారము, పొడి చల్లగాలి, ఇవే చికిత్స. అందుకే పలు మిషనులు కలిసి 1910ల్లో ఈ ఎత్తైన నేలను ఎంచుకొని శానిటోరియము నెలకొల్పాయి. డెన్మార్కు వైద్యులు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానిని నడిపించారు. మన దేశములో బి.సి.జి. టీకా పని 1948లో ఆరంభమైన తావులలో మదనపల్లె ఒకటి.

మాతో వచ్చిన అవ్వ ఒకరు ఆరోగ్యవరము చెట్ల క్రింద చాలాసేపు నిలబడినారు. "మా యన్నను మంచం మీద మోసుకొని తెచ్చినారు అయ్యగారూ. పోయేటప్పుడు తన కాళ్ళతోనే నడిచి ఇంటికొచ్చినాడు," అని మాత్రము అన్నారు. మేము ఇంకేమీ అడగలేదు.

మరుసటి ఉదయము కొండ ఎక్కాము. ఈ కొండకు పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు పెంచాయని, ఆమె జబ్బుపడిన కొండవాసులకు మందు ఇచ్చేదని, ఒకనాడు కనబడకుండా పోయిందని ఆ ప్రాంతపు కథ. కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యు.డి. హార్స్‌లీ దొర 1870 ప్రాంతములో వేసవి విడిది కట్టుకున్నందున ఆయన పేరు స్థిరపడింది. ఎత్తు సుమారు 1,265 మీటర్లు, అనగా 4,100 అడుగుల పైన. మన గుంతకల్లు 1,400 అడుగుల ఎత్తున ఉన్నది. వెయ్యి అడుగులు పైకి పోతే వేడిమి రెండు డిగ్రీల వరకు తగ్గుతుంది. కనుక ఎత్తు ఒక్కదానివల్లనే అక్కడ ఐదారు డిగ్రీల చల్లదనము. దానికి చెట్ల నీడ తోడు.

ఘాటు రోడ్డు మలుపులు తిరుగుతుండగా ముళ్ళ కంపలు తగ్గి చెట్లు చిక్కబడ్డాయి. వ్యానులో పాటలు పాడుతున్న పిల్లలు తమంతట తామే ఊరుకున్నారు. పైన వ్యాను దిగగానే మంచు. పది గజాల అవతల మనిషి కనబడలేదు. ఆకుల మీదనుండి మంచు బొట్లు బొట్లుగా రాలుతూ ఉన్నది. ఆ చప్పుడు తప్ప మరేమీ లేదు. పగలంతా ఇంజన్ల కూతలు, రాత్రంతా గూడ్సు బండ్ల దడదడలు వినే మాకు ఆ నిశ్శబ్దము మొదట కొంచెము బెరుకు పుట్టించింది. తరువాత పెద్దవాళ్ళు కూడా మెల్లగా మాట్లాడుకోసాగారు.

పొద్దు పైకి వచ్చాక మంచు విడిచింది. గాలిబండ అనే పెద్ద బండ మీద నిలబడితే పైట చెంగులు, తలపాగాలు నిలువలేదు. క్రింద చెరువులు అద్దపు ముక్కలవలె, పల్లెలు అగ్గిపెట్టెలవలె కనబడ్డాయి. 1859లో నాటినదని చెప్పే కల్యాణి అనే నీలగిరి చెట్టును కూడా చూచాము. తల పూర్తిగా వెనక్కి వంచితే గాని దాని కొన కనబడదు. దానిని నాటిన చేతులు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మాతో వచ్చినవారిలో ఒక రైతు ఉన్నారు. ఆయన పొలములో మూడు బోర్లు వేస్తే మూడూ ఎండినాయి. నాల్గవ బోరుకు డబ్బు చాలక, తండ్రి నాటిన ఐదు చింతచెట్లను కట్టెల వ్యాపారికి అమ్ముటకు మాట్లాడుకున్నారు. ఇంట్లో ఆమెకు అది ఇష్టము లేదు. ఆ మాట మీద భార్యాభర్తలిద్దరు నెలరోజులుగా సరిగా పలకరించుకోవడము లేదని మాకందరికీ తెలుసు. వ్యానులో కూడా వేరువేరు సీట్లలోనే కూర్చున్నారు.

మధ్యాహ్నము భోజనాలయ్యాక ఆయన చెట్ల క్రింద కూర్చొని, రాలిన ఆకులలో చెయ్యి పెట్టారు. మణికట్టు వరకు దిగింది. తీసిచూస్తే మట్టి తడిగా వ్రేళ్ళకంటుకొని ఉన్నది. అక్కడ ఆకులూడ్చే పనివాడు చూచి, "ఈడ వాన కురిస్తే కింద వంకకు నీళ్ళు ఆ పొద్దే రావు సామీ. నిదానంగా దిగుతాయి. మూడు నాలుగు దినాలైనా వస్తానే ఉంటాయి," అన్నాడు. మన బోడిగుట్టల మీద కురిసిన వాన గంటలో ఎర్రమట్టిని వెంటబెట్టుకొని వంకలో పోతుంది. ఆకుల దుప్పటి ఉన్నచోట అదే వాన మెల్లగా ఇంకి, వేళ్ళ వెంబడి రాతి సందులలోనికి దిగుతుంది. బోరులోనికి రావలసిన నీరు అలాగే చేరుతుంది. పైన ఇంకనిది క్రింద ఊరదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత భార్యను పిలిచి, "ఇటు రా, చూడు," అని ఆ మట్టిని ఆమె చేతిలో పెట్టారు. దిగేటప్పుడు ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు.

తిరుగు దారిలో రిషీవ్యాలీ వైపు కొండలు చూపించాము. జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన ఆ పాఠశాలవారు బోడిగా ఉన్న లోయలో ఏళ్ళ తరబడి చెట్లు పెంచి, వాననీటిని నిలువచేసి పచ్చదనము తెచ్చారు. పక్షులు తిరిగి వచ్చాయి. 1991లో దానిని పక్షుల రక్షిత ప్రదేశముగా గుర్తించారు. అది కూడా కరువు నేలే.

ఆ రైతు సంగతి అడుగుతారేమో. అప్పు వడ్డీ తప్పదు కనుక రెండు చెట్లు అమ్మారు. మూడు నిలిచాయి. నాల్గవ బోరు మానుకొని, పల్లపు మూలన ఒక సేద్యపు కుంట తవ్వించారు. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలము బండ్లపల్లెలోనే మొదలైనదని మీకు తెలుసు. ఆ పనులలో మన పల్లెల్లో ఎన్నో కుంటలు తవ్వుకున్నారు. ఈయన కుంట కిందటి వానలకు రెండుమార్లు నిండి ఇంకింది. బోరులో నీరు వచ్చిందని నేను చెప్పను, రాలేదు. కాని చింతకాయలు అమ్మిన డబ్బు ఈసారి ఆమె చేతికే ఇచ్చారట.

మీరు వెళ్ళదలిస్తే చలికాలములో దుప్పట్లు తప్పక తీసుకొని పోండి. కోతులుంటాయి, తినుబండారాలు పిల్లల చేతికివ్వవద్దు. మైకులు, ప్లాస్టిక్ సంచులు ఇంటివద్దనే ఉంచండి. ఎండాకాలములో బీడీ ముక్క గాని అగ్గిపుల్ల గాని పారవేయకండి. ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

అబ్రాహాము బెయేర్షెబాలో బావి త్రవ్వించిన సంగతి మనము బాగా జ్ఞాపకముంచుకుంటాము. బావి హక్కును గూర్చి ప్రమాణము జరిగిన తరువాత, అక్కడనే ఆయన ఒక పిచుల వృక్షము నాటిన సంగతి అంతగా తలచము. అది కూడా మనవంటి ఎండు దేశమే. బావి వెంట చెట్టు కూడా ఉండాలని ఆయనకు తెలుసు.

మా సంఘములో ఇప్పుడొక ఏర్పాటు చేసుకున్నాము. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటివారు వేపో, కానుగో, చింతో, నేరేడో ఒకటి నాటాలి. నీలగిరి వద్దు, అది మన పొలాల తడిని పీల్చివేస్తుంది. మే నెలలోనే మూరెడు లోతు గుంత తీసి ఎండనిచ్చి, తొలివానకు మొక్క పెట్టండి. ప్రక్కన ఒక పాతకుండకు అడుగున సన్నని రంధ్రము చేసి, పీచు దోపి, మెడవరకు పూడ్చిపెట్టండి. వారానికి రెండుసార్లు కుండ నింపితే మొదటి రెండు వేసవులు గడుస్తాయి. మేకలనుండి కాపాడటానికి ముళ్ళకంప చుట్టండి. ఆ తరువాత అది మిమ్మును ఎక్కువగా అడగదు.